ఉత్తుత్తి ఊరు

లూసియానా పైన్ అడవిలో ఒక ఊరుంది.
ఇళ్ళన్నీ ఓడల మీద సరుకు మోసి మోసి
రిటైరైన ఇనుప పెట్టెలు.
మినారు ప్లైవుడ్.
సంతలో వేలాడే మాంసం రబ్బరు,
దాని మీద వాలే ఈగలు మాత్రం నిజం.

మూడు వారాలుగా ఈ ఊరిని పట్టుకుంటున్నాం,
వదిలేస్తున్నాం, మళ్ళీ పట్టుకుంటున్నాం.
ఛాతీ మీద నల్లటి బొత్తాలు.
ఎవరి తుపాకీ కాంతి తగిలినా
కీచుమని ఏడ్చి, పడిపొమ్మంటాయి.
పడ్డాక జేబులో కార్డు తీసి చదువుకోవాలి
ఏం గాయమో.

సోమవారం నాకొచ్చింది:
ఎడమ తొడ, రక్తనాళం తెగింది, మూడు నిమిషాలు.
పడుకున్నాను.
ఎర్రచీమలు ఆ కార్డు చదవకుండా
నా మెడ మీద పడ్డాయి.
డల్రింపుల్ తొడకి పట్టీ బిగిస్తూ
రాత్రి ఆట స్కోరు చెప్పాడు.
మెడిక్ నాలుగో నిమిషంలో వచ్చి
"పోయాడు" అని రాసుకున్నాడు.
పోయినవాళ్ళకి భోజనం ముందే పెడతారు.

మంగళవారం, ఆకుపచ్చ తలుపు. నేనే ముందు.
లోపల ఒక ఆడమనిషి, చేతిలో ఏదో మెరిసింది.
"ఓగఫ్!" అని అరిచాను, భాష కార్డులో ఉన్నట్టే.
ఆమె ఆగలేదు.
నా వేలూ ఆగలేదు.
మెరిసింది టీ గ్లాసు.
పరిశీలకుడు అట్ట మీద గీత గీశాడు.
ఆమె తలగుడ్డ సర్దుకుని, నేల తడిగా లేదని చూసుకుని,
పడుకుని కళ్ళు మూసుకుంది.

ఆదివారం లీస్‌విల్‌లో, లాండ్రీ షాపులో
పక్క మెషిన్ దగ్గర ఆమె. జీన్సు, నీలం చెప్పులు.
"మంగళవారం నన్ను చంపింది నువ్వే కదూ"
అంది, బస్సులో ఎక్కడో చూశాననేవాళ్ళ గొంతుతో.
పేరు సబీహా. హ్యూస్టన్ నుంచి వస్తుందట
విడతకి మూడు వారాలు చావడానికి.
కూలి గిట్టుబాటేనట.
చిల్లర కోసం నేను తడుముకుంటుంటే
రెండు క్వార్టర్లు నా మెషిన్లో వేసింది.

"నువ్వరిచింది మగవాడితో అనే మాట.
ఆడమనిషికి చివర 'ఈ' రావాలి. ఓగ్ఫీ.
నా వెనక ఎవడో ఉన్నాడనుకున్నాను."
మరి నిజంగా అక్కడ ఎప్పుడైనా, అని మొదలుపెట్టి
మింగేశాను.
దుప్పటి రెండో అంచు నా చేతికిచ్చింది.
కొసకి కొస కలిపి, దగ్గరికి నడిచి,
దూరం జరిగి, మళ్ళీ దగ్గరికి.
బస్రాలో మా తలుపూ ఆకుపచ్చే, అంది.
ఇంకేం అనలేదు.

రాత్రి పై మంచం ఇనుప అల్లిక చూస్తూ అనుకున్నాను:
నా భాషలో ఆగమనడానికి ఆడా మగా లేదు,
చిన్నా పెద్దా ఉంది.
"ఆగు" మేకకైనా చెల్లుతుంది, తమ్ముడికైనా.
"ఆగండి" అన్నప్పుడు
గొంతు కాస్త వంగాలి,
తలుపు గడప దగ్గర నడుం వంగినట్టు.
ఇరవై ఏడేళ్ళు ఆ "అండి"ని
ఊరికే వాడేశాను.

గురువారం చివరి పరీక్ష. అదే తలుపు. పొగ.
చెవిలో సార్జెంట్ వూటెన్ అరుపు.
పొగలోంచి ఎవరో వస్తున్నారు, చేతిలో ఏదో ఉంది.
మగమాటా ఆడమాటా రెండూ నాలిక మీంచి జారిపోయి
నోట్లోంచి వచ్చింది
"ఆగండి."

సబీహా ఆగింది.

పరిశీలకుడు రాసుకున్నాడు:
గుర్తు తెలియని భాష. రెండు సెకన్లు ఆలస్యం.
అసలు చోట అంత టైముండదు, అన్నాడు.
నిజమే.

పద్దెనిమిది రోజుల్లో విమానం.
సంచి తూకం వేశారు, వీలునామా మీద సంతకం తీసుకున్నారు.
నాకున్నవి ఒక పాత ట్రక్కూ, దాని మీద అప్పూ.
మెడ ఇంకా దురద.
ఒక చేత్తో గోక్కుంటూ
జేబులోంచి భాష కార్డు తీసి,
ఓగఫ్ అన్న ఇంగ్లీషు అక్షరాల నెత్తిన
పెన్సిల్‌తో ఒక గుడిదీర్ఘం పెట్టాను.